పసుపు గీత మధ్యలో నూనె మరక

అక్కా, జ్వరం పూర్తిగా తగ్గింది, బెంగపెట్టుకోకు.

నేను మంచాన పడి ఉండగా మునిసిపాలిటీ వాళ్లొచ్చి, ఇక్కడ బండ్లు ఆపకూడదని వీధి అంచున పసుపు గీత గీశారు. అడ్డంగా నా కారు ఉంటే, దాని వెనక గీత ఆపేసి ముందునుంచి మళ్లీ మొదలుపెట్టారు. మర్నాడు వాళ్లే గీత మీద బండి పెట్టానని జరిమానా కాగితం అద్దానికి అంటించారు! ఒళ్లు మండి ఆ కారులోనే వాళ్ల ఆఫీసుకు వెళ్లాను.

"గీత మధ్యలో ఖాళీ ఉంటే అది మీ కారుదేనని ఏంటండీ నమ్మకం? ఏ బండైనా ఉండొచ్చుగా" అంది అక్కడి అధికారిణి. అన్నదేగానీ, మహాతల్లి, కుర్చీలోంచి లేచి నాతో వీధికొచ్చింది. ఆ ఖాళీలో నల్లటి నూనె మరక కనబడింది. నా కారు అక్కడ పెట్టించి, వంగి కిందకే చూస్తూ నిలబడింది. కాసేపటికి ఒక చుక్క జారి సరిగ్గా ఆ మరక మీదే పడింది. "మీదేనండీ బాబూ" అని నవ్వి జరిమానా రద్దు చేసింది. ఆవిడ చల్లగా ఉండాలి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బుజ్జిది బడికి ఏడవకుండా వెళ్తోందా? వీధంతా నూనె చేస్తే ఊరుకోనని కూడా ఆవిడ చెప్పింది కాబట్టి, ఆదివారం బావని పనిముట్లతో రమ్మను. తమ్ముడికి ఓటిబండి అంటగట్టావని ఇన్నాళ్లూ ఆయన్ని సాధించింది చాలు. ఇక్కడ నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు, నా తరఫున సాక్ష్యం చెప్పింది ఆ చుక్కొక్కటే.

అమ్మకు నమస్కారం. బావకు రెండు.

నీ తమ్ముడు