సందు మధ్యలో గీత

జనవరి 9, గురువారం
పోస్టాఫీసులో కొత్త మ్యాప్ అంటించారు. మా కౌన్సిల్ నియోజకవర్గాన్ని తూర్పు, పడమర అని రెండు ముక్కలు చేశారు. గీత మా సందు నడిమధ్య నుంచి పోయింది. ఇల్లు పడమర, ఎదురుగా మా గొర్రెలు మేసే పొలం తూర్పు. ఇరవై ఆరేళ్లుగా మా ఇంటి మొదటి ప్రాధాన్య ఓటు మా కౌన్సిలర్ గారవన్‌దే. ఆయన తూర్పుకు పోయాడు. ఇక గొర్రెలే ఆయనకు ఓటెయ్యాలని మా ఆయన నోయెల్ నవ్వాడు.

జనవరి 13, సోమవారం
వానకు సందు కింది తూము కూలింది. మంచమంత గుంత. డయాలిసిస్‌కు తీసుకెళ్లే టాక్సీ అవతలే ఆగిపోయింది. వారానికి మూడుసార్లు వెళ్లకపోతే నా మొగుడు బతకడు. చెక్కలు వేసి, పట్టుకుని నడిపించాను. తూర్పు ఆఫీసుకు ఫోన్ చేస్తే మీ ఇల్లు పడమరన్నారు. పడమర వాళ్లేమో కూలింది తూర్పు వైపన్నారు. ఒళ్లు మండిపోయింది.

జనవరి 16, గురువారం
పడమర కొత్త కౌన్సిలర్ డెవెనీ ఇంటికొచ్చింది. ఈ ఏడాది రోడ్డు పనుల లిస్టు రేపటితో మూసేస్తారట. అర్జీ మీద ఒక్క సంతకం పెడితే మా తూము అందులో ఎక్కిస్తానంది. పెన్ను తీసుకున్నాను. నోయెల్ వద్దన్నాడు.
"మీ అమ్మకి పెన్షన్ ఇప్పించింది గారవన్ కదే నోరా. ఆయనుండగా అవతలి పార్టీ కాగితం మీద సంతకం పెడితే రేపు ఆయన మొహం ఎలా చూస్తాం?"
నాకూ నిజమే అనిపించింది. టీ ఇచ్చి పంపేశాను.

జనవరి 17, శుక్రవారం
గారవన్‌కు ఫోన్ చేశాను. తను చూసుకుంటానన్నాడు. మనసు కుదుటపడింది.

జనవరి 22, బుధవారం
వాన. నోయెల్ కాళ్లు వాచాయి. చెక్కల దాకా కూడా నడవలేకపోయాడు. టాక్సీ వెనక్కి పోయింది.

జనవరి 24, శుక్రవారం
ఈరోజూ డయాలిసిస్‌కు వెళ్లలేకపోయాడు. సాయంత్రం గారవన్ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. పడమర ఇళ్ల సంగతితో తనకు సంబంధం లేదని తూర్పు ఆఫీసు ఇంజనీరు గారవన్ ఉత్తరాన్ని సోమవారమే తిప్పి పంపాడట. చెప్పడానికి సిగ్గేసిందట. పడమర లిస్టు ఇక వచ్చే ఏడాదే. టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

జనవరి 27, సోమవారం
అంబులెన్సు గుంత దగ్గర ఆగింది. వాళ్లు స్ట్రెచర్ మోసుకుంటూ నడిచి వచ్చేసరికి నోయెల్ లేడు.
ఆ రోజు పెన్ను నా చేతిలోనే ఉండింది. నేను సంతకం పెట్టలేదు.

జనవరి 30, గురువారం
చావుకు ఇద్దరూ వచ్చారు. శవాల బండీ అవతలే ఆగింది. గారవన్ ఒక పక్క, డెవెనీ ఒక పక్క శవపెట్టె కింద భుజం పెట్టి, మంచి బూట్లతో గుంతలోకి దిగారు. అవతలికి ఎక్కించారు.
నోయెల్ మెయిన్ రోడ్డు చేరాడు.