ఉర్దూ బడి సుద్దముక్కలు

మొఘల్‌పురా,
నవంబరు 18, 2025.

పూజ్యులైన రఘురామ్ అన్నయ్యకు,

సుచరిత నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? బహదూర్‌పురా ఎంత దూరమని ఉత్తరం రాస్తున్నావని నవ్వకు. ఫోనులో నన్ను మాట పూర్తి చేయనివ్వవు. ఇక్కడ అడ్డు రాలేవుగా!

నీ బడికి లెక్కల టీచరు కోసం రెండేళ్లుగా మా విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నావు. హెడ్మాస్టరువై ఉండి పదో తరగతికి నువ్వే చెప్పుకుంటున్నావు, తొమ్మిదికి ఎవరూ లేరు. నా పని నీకు తెలిసిందే, బళ్ల మార్కులూ ఖర్చులూ పక్కపక్కన పెట్టి చూడటం. టీచర్లు ఎక్కడ అదనంగా ఉన్నారో తేల్చమన్నారు.

శాలిబండలో ఒకే భవనంలో రెండు బళ్లున్నాయి. ఉర్దూ బడిలో పిల్లలు గుప్పెడు మంది, లెక్కల సారు ఉన్నారు. తెలుగు బడి నిండా పిల్లలు, లెక్కల టీచరు మాత్రం మూడేళ్లుగా లేరు. అయినా వాళ్ల లెక్కల మార్కులు ఏటా పెరుగుతున్నాయి! ఆఫీసులో అందరూ కాపీ అని తేల్చేశారు.

నా కంటికి మాత్రం సుద్దముక్కల ఖర్చు తగిలింది. ఉర్దూ బడి పెట్టెలకు పెట్టెలు కొంటోంది, తెలుగు బడి కొనడమే మానేసింది. అంత సుద్ద ఏం చేస్తున్నారు, తింటున్నారా? నాకు అనుమానం పుడితే అన్నం సహించదు కదా, ఆటో ఎక్కి పోయాను.

లెక్కల గంట కొట్టగానే తెలుగు బడి తొమ్మిదో తరగతి మొత్తం కూర్చునే పట్టాలు చంకన పెట్టుకుని, వరండా దాటి ఉర్దూ బడి గదిలో కూర్చుంది. ముజీబ్ సార్ ప్రతి లెక్కా ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో చెప్పారు. కీర్తిప్రియ అనే అమ్మాయిని మీ సారెవరని అడిగితే, ఏంది మేడం గట్ల అడుగుతరు, గీయనే మా సారు అంది.

సారునే అడిగాను. వాళ్ల బోర్డు పలిగింది మేడం, అమల మేడం ఒక్కామె ఎన్ని చెప్తది, పిల్లలు ఖాళీగ కూసుని లొల్లి చేస్తుంటే మా దిక్కు పంపుమన్న, సుద్దముక్కలు గూడ మాయే వాడుకొమ్మన్న, గంతే అన్నారు. అమల అక్కడి హెడ్మిస్ట్రెస్. వేరే బడి పిల్లలకు చెప్పినందుకు నోటీసు వస్తదా అని ఒకటే ఫికర్ ఆయనకు.

ఎంత ముచ్చటేసిందో! మరుక్షణమే నువ్వు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. కాగితాల మీద అదనంగా ఉన్న టీచరు ఆయనే. ఆయన్ని తీస్తే రెండు బళ్ల పిల్లలకూ లెక్కలుండవు.

మేనకోడలు సాయిప్రియకు నా ముద్దులు.

నీ చెల్లెలు,
సుచరిత

తా.క.: ఇంతసేపూ చెప్పడానికి ధైర్యం చాలలేదు. ముజీబ్ సార్‌ని నీ బడికి వేస్తూ ఉత్తర్వు తయారైంది. సంతకానికి పోతుంటే, చూసింది చూసినట్టు రాసి ఆపించింది నేనే. ఇక ఆయన రెండు బళ్లకూ అధికారికంగా సారే. మా ఆఫీసర్ని తిట్టకు, నన్నే తిట్టు. నీకు టీచరు వచ్చేదాకా రోజూ ఆఫీసుకు ముందు నీ తొమ్మిదో తరగతికి మొదటి పీరియడు నేను చెబుతాను, అనుమతి తీసుకున్నాను. నాకు లెక్కలు నేర్పింది నువ్వేగా. వచ్చే సోమవారం నీ బడి గేటు దగ్గర ఉంటాను. లోపలికి రానిస్తావు కదూ?