మబ్బు కనిపించే గది

ప్రియమైన పద్మక్కకు,

నీ తమ్ముడు తిప్పేష్ నమస్కారాలు. విడపనకల్లులో చంద్రిక క్షేమం, చెన్నైలో నేను క్షేమం, రైల్లో నాయన క్షేమం. పూణేలో నువ్వూ బావా పిల్లలూ కూడా బాగున్నారని తలుస్తాను. రేపు కదా ఓడ, నాయన రైల్లో ఎందుకున్నాడు అని నువ్వు ఈపాటికి లేచి నిలబడి ఉంటావు. కూర్చో అక్కా, వరసగా చెప్తాను. నేను నాయనకు ఒక అబద్ధం చెప్పాను. రైలు గుంతకల్లు చేరేలోపు ఫోన్ చేసి నిజం చెప్పాలి. ఫోన్ చేతిలోనే ఉంది, వేలు మాత్రం ఆయన పేరు మీదికి పోవడం లేదు. అందుకే ముందు నీకు రాస్తున్నాను. వాయిస్ మెసేజ్‌లు వద్దు, పిల్లల గోలలో వినపడవు, తీరిగ్గా చదువుకునేట్టు ఉత్తరం మాదిరి రాయి అన్నావు కదా. షాపులో బిల్లులు కొట్టే వేగంతో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు. నువ్వు పంపిన చెప్పులు మొదట సంచిలోంచి బయటికే తియ్యలేదు, కొత్తవి మాసిపోతాయని. ఇప్పుడు వేసుకున్నాడు. ఎందుకంటే పాతవాటిలో ఒకటి సముద్రం తీసుకుపోయింది. దాని సంగతి తర్వాత.

చంద్రిక ఎందుకు రాలేదని అడిగావు. ఈసారి బోరు మోటార్ల కంపెనీ వాళ్లు టార్గెట్ దాటిన డీలర్లకు ఓడ ప్రయాణం ఇచ్చారు, మనిషితో పాటు ఇంకొకరికి. అందరూ భార్యలతో వస్తున్నారు. చంద్రిక కూడా ఒక కొత్త చీర తీసుకుంది. తర్వాత నాలుగు రోజులు ఆలోచించి, అత్త పోయినప్పటి నుంచి మామ ఊరు దాటలేదు, కూర్చొని అన్నం తిన్నది కూడా చూడలేదు, నా బదులు ఆయన్ను తీసుకుపో అంది. నువ్వూ ఫోన్లో అదే మాట అన్నావు. మీరిద్దరూ మాట్లాడుకున్నారేమో నాకు తెలీదు.

నాయనను ఒప్పించడానికి నేను పడిన పాట్లు చెప్పలేను. చెన్నైలో ఎక్కించి, సముద్రం మీద తిప్పి, మళ్లీ చెన్నైలోనే దించుతారని చెప్తే, "యాడికీ పోకుండా తిరిగొచ్చేదానికి అంత పెద్ద ఓడెందుకురా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "వాన రాకపాయ, నీకు ఓడొచ్చె." నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తగలాల్సిన చోట తగిలింది. నిజమే కదక్కా. వానలు లేక బోర్లు ఎండిపోయి, జనం ఇంకా లోతుకు వేయించి, ఇంకా పెద్ద మోటార్లు కొన్నారు. నా టార్గెట్ అట్లా దాటింది.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. విత్తనం వేరుశనగ ఒలిచి, మందు కలిపి, మూటలు కట్టి వెనక గదిలో పెట్టాడు. పెట్టి, చంద్రిక ముందర నన్ను నిలబెట్టి చెప్పాడు. "వాన పడితే నాకు చెప్పల్ల. ఓడ మీద ఒక కాలు పెట్టినా సరే, చెప్పల్ల. ఇంకో కాలు పెట్టను, దిగొస్తా." నేను సరే అన్నాను. సరే అనడంలో ఏముంది, ఈ ఏడాది మబ్బు ముఖం చూసింది ఎవరు?

కంపెనీ ఖర్చు రేవు గేటు దగ్గర మొదలవుతుంది. అంతకు ముందు చెన్నైలో ఉండేది, తినేది మన బాధ్యత. ఎట్లాగూ పోతున్నాం, ముందే పోయి నాయనకు ఊరు చూపించు అన్నావు కదా, అట్లే దిగాం. ఫోన్‌లో చూసి సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒక గది మాట్లాడాను. ఫొటోలో పెళ్లివారి గది మాదిరి ఉంది. పోయి చూస్తే మెట్ల కింద ఉంది, కిటికీ లేదు. నాయన లోపలికి కూడా రాలేదు, సంచి పట్టుకొని మెట్ల మీదే కూర్చున్నాడు. రెండో లాడ్జిలో కిటికీ ఉంది. తెరిస్తే పక్క బిల్డింగు గోడ. నాయన ఆ గోడను కాసేపు చూసి, "మబ్బొస్తే ఎట్ల తెల్సల్ల?" అన్నాడు. ఫోన్‌లో తెలుస్తుంది నాయనా అన్నాను. "ఫోన్లో ఎన్నితూర్లు పళ్లేదు వాన. చేన్లో యాడ పడె?"

ఎండలో సంచులు మోసుకొని, బస్సులో నిలబడి ట్రిప్లికేన్ పోయాం. అక్కడ సందుల్లో చవక లాడ్జీలు వరసగా ఉన్నాయి. ఒకచోట మేనేజరుకు తెలుగు వచ్చు. అన్నీ నిండిపోయాయి, మిద్దె మీద రేకుల గది ఒకటుంది, వేడికి ఎవరూ ఉండరు, అందుకే తక్కువకు ఇస్తాను అన్నాడు. నాయన మెట్లెక్కి, చుట్టూ ఆకాశం చూసుకొని, సంచి కింద పెట్టేశాడు. నేను బేరం ఇంకా పూర్తి చెయ్యలేదు. మా ఊరు ఏ పక్క అని మేనేజరును అడిగితే ఆయన పాపం చెయ్యి ఎటో చూపించాడు. నేను ఫోన్‌లో దిక్కులు చూసి సరిగ్గా చెప్పాను. ఆ పక్కకు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. గదిలో ఫ్యాను కింద నేనే ఉడికిపోయాను, ఆయనకు ఏమీ పట్టలేదు.

మరుసటి రోజు ఊరు చూశాం. మెరీనాలో నాయన నీళ్ల దాకా నడిచి, పంచె ఎగ్గట్టి, ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పని తెలుసు, అయినా చూడాలి. అప్పుడే ఒక అల వచ్చి చెప్పు లాక్కుపోయింది. నేను వెంటబడబోతే, "పోనీలే రా, దానికి రెండు కాళ్లుంటే కదా" అన్నాడు. ఆయన జోకు వేసి ఎన్నాళ్లయింది అక్కా. తర్వాత లైట్‌హౌస్ ఎక్కాం, లిఫ్టులోనే. అందరూ సముద్రం వైపు ఫొటోలు తీసుకుంటుంటే ఈయన ఊరి వైపు తిరిగి మిద్దెల మీద నల్ల ట్యాంకులు చూస్తున్నాడు. కింద సందులో ట్యాంకరు దగ్గర బిందెలు వరసగా పెట్టి ఉంటే, ఇంత సముద్రం పక్కన పెట్టుకొని వీళ్లదీ మన బతుకేనా అని ఆశ్చర్యపోయాడు. అక్కడ్నుంచి మ్యూజియం, అక్కడ్నుంచి గుడి, అక్కడ్నుంచి మళ్లీ బీచి. నేను ఆయన్ను ఒక్కచోట కూర్చోనివ్వలేదు. నాకే కూర్చోబుద్ధి కాలేదు. మధ్యలో రెండు మూడుసార్లు ఇంటి నుంచి ఫోనొచ్చిందా అని అడిగాడు. వచ్చింది, అంతా బాగుందంట అన్నాను.

ఫోన్ వచ్చిన మాట నిజమే. అసలు సంగతి అక్కడే ఉంది.

ఆ పొద్దున మేమింకా టీ కూడా తాగలేదు, చంద్రిక చేసింది. గొంతు వినగానే తెలిసింది. ముందురోజు సాయంత్రం మన ఊళ్లో వాన. తుంపర కాదు, వంకలు పారిన వాన. చేనికి పోయి కట్టె గుచ్చి చూసిందంట, జానెడుకు పైనే తేమ దిగింది. "మామకు చెప్పు. ఓబిలేష్ మామ ట్రాక్టరుకు అప్పుడే జనాలు ఎగబడతాండారు, మన పేరు చెప్పేదా?" అని అడిగింది. నేను మిద్దె దిగి వీధిలోకి పోయి మాట్లాడాను. ఇప్పుడే ఏమీ చెయ్యొద్దు, నాయనకు నేను చెప్తాను అన్నాను. చెప్పలేదు.

ఓడ పోతుందని చెప్పలేదు అనుకుంటావు. నేను కూడా నాకు అదే చెప్పుకున్నాను, చంద్రిక ఆశపడి వదులుకున్న చోటు వృథా అవుతుందని. అదొక్కటే అయితే నీకు ఇంత రాసే పనే లేదు. అసలు మాట వేరే ఉంది. మన ఎర్రనేలలో పదును ఎంతసేపు నిలుస్తుందో నీకు తెలుసు, ఈ ఆషాఢం గాలికి మూడో రోజుకు పైమన్ను పొడిగా లేస్తుంది. ఓడ దిగి ఊరు చేరేసరికి విత్తే అదను దాటిపోతుంది. దాటిపోవాలనే అనుకున్నానక్కా. ప్రతి ఏడూ ఆయన విత్తడం, మొలకలు రావడం, తర్వాత వాన లేక అవి మన కళ్లముందే మాడిపోవడం. పోయినేడు ఎండిన చేనిలో ఆయన ఒక్కడే గట్టు మీద కూర్చొని ఉంటే నేను బండి ఆపకుండా షాపుకు పోయాను. ఆ ముఖం మళ్లీ చూడలేను అనిపించింది. ఈ ఒక్క ఏడు విత్తకపోతే ఏమవుతుంది, ఆ మూటలు అమ్మేద్దాం, ఆయన ఓడ మీద కూర్చొని అన్నం తింటాడు అనుకున్నాను. నాయన చేను గురించి నాయనకు తెలీకుండా నేను తీర్పు చెప్పేశాను.

ఈరోజు పొద్దున ఆయన టీకి కిందికి దిగాడు. వీధి చివర కొత్తగా కడుతున్న ఇంటి ముందర తాడిపత్రి బండలు దించుతున్న లారీ ఉంది. మడ్‌గార్డుల కింద ఎర్ర బురద చూసి నాయన డ్రైవరును పలకరించాడంట. ఆ డ్రైవరు మొన్న బళ్లారికి పోయి వచ్చాడు. విడపనకల్లు దగ్గర రోడ్డు మీద నీళ్లు పారాయని చెప్పాడు. నాయన మెట్లెక్కి వచ్చేసరికి నేను ఓడ మీదికని తెచ్చుకున్న టోపీ పెట్టుకొని అద్దంలో చూసుకుంటున్నాను.

"వాన పడిందంట రా. మొన్న."

"అవునా నాయనా?" అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. "నాకెవరూ చెప్పలేదే" అని కూడా అన్నాను.

ఆయన నన్ను చూశాడు. "నీకు తెల్సింటే చెప్పింటావులే" అన్నాడు, అని పంచెలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

నేనూ వస్తానంటే వద్దన్నాడు. కోడలి టిక్కెట్టు ఎట్లాగూ నావల్ల పాడాయ, నీదన్నా వాడుకో అన్నాడు. సెంట్రల్‌లో జనరల్ పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికింది. పెరుగన్నం పొట్లం, నీళ్ల బాటిలు ఇచ్చాను. రైలు కదిలేటప్పుడు కొత్త చెప్పులు విప్పి సీటు మీద పక్కన పెట్టుకోవడం కనపడింది, ఎవరైనా తొక్కుతారని కాబోలు.

ఇదక్కా సంగతి. ఇల్లు చేరగానే చంద్రిక, నిన్న పొద్దున్నే చెప్పినా కదా మామా అంటుంది. ఆమె నోటి నుంచి తెలిసేదానికంటే నా నోటి నుంచి తెలియాలి. ఇంతసేపు నీకు రాశాక కొంచెం ధైర్యం వచ్చింది. ఉండు, చేసి వచ్చి మిగతాది రాస్తాను.

చేశాను. మూడుసార్లు సిగ్నల్ తెగిపోయింది, నాలుగోసారి దొరికాడు. కడప దాటిందంట. నాయనా, వాన సంగతి నాకు నిన్న పొద్దున్నే తెలుసు అన్నాను.

"తెల్సురా" అన్నాడు. "లారీ ఆయప్ప చెప్పినప్పుడే తెల్సె. నిన్న ఫోనొస్తే చెప్పులు గూడా ఏసుకోకుండా మిద్దె దిగి పోతివే. పెండ్లాంతో మాట్లాడేదానికి ఎప్పుడన్నా దిగినావా?"

మరి రూములో ఎందుకు అడగలేదు నాయనా అన్నాను.

"అడిగితే ఇంకోటి చెప్తావు. నీయంతకు నువ్వే చెప్తావేమో అని చూస్తి."

అప్పుడు ఎందుకు దాచానో అది కూడా చెప్పేశాను. విత్తకుండా ఉండాలనే దాచానని, పోయినేడు గట్టు మీద చూశానని, అంతా. ఆయన అంతా విన్నాడు.

"నేను గట్టు మీద కూసుంటే నీకెందుకురా బాధ? నా చేను, నేను కూసుంటి. విత్తకుండా కూసుంటే అది చూడలేవు నువ్వు." ఆ వెంటనే, "ఒక దినం పాయ. రేపొక దినం ఉండాది. ఓబిలేష్‌తో మాట్లాడినా, తెల్లారే వస్తానన్నాడు" అన్నాడు.

నేను ఓడెక్కను, ఇప్పుడే బయల్దేరి వస్తాను అన్నాను. అప్పుడు మాత్రం కోపం వచ్చింది ఆయనకు. నువ్వొచ్చి ఏం పీకుతావు, ట్రాక్టరు వెనక నడిచేదానికి నేనుండా అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"సముద్రం మీద గూడా పడతాదా రా వాన?"

పడుతుంది నాయనా అన్నాను.

"అన్ని నీళ్లుండంగా మళ్లా ఆడెందుకు పడతాదో. పో, ఎట్ల పడతాదో చూసొచ్చి చెప్పు."

అట్లా పెట్టేశాడు. నేను రేపు ఎక్కుతున్నాను అక్కా. కంపెనీ వాళ్లకు ఒక్కడినే అని చెప్పాను, చంద్రికకు కూడా జరిగిందంతా చెప్పాను, ఆమె ఇంకా మాట్లాడటం లేదు. ఆమెకు ఏం తెచ్చి ఇవ్వాలో నీకేమైనా తడితే చెప్పు. మిద్దె మీద ఇప్పుడు నేనే కుర్చీ వేసుకొని కూర్చున్నా. చుట్టూ ఆకాశం, ఒక్క మబ్బు లేదు. ఊళ్లో కూడా రేపు ఇట్లే తెరిపిచ్చి ఉంటే చాలు, విత్తనం పడిపోతుంది. ఆ తర్వాత మళ్లీ ఒక వాన కావాలి. దాని గురించి ఇప్పుడు అనుకోను.

రేపు సాయంత్రం నువ్వు నాయనకు ఫోన్ చెయ్యి. ఓడ ఎందుకు ఎక్కలేదని మాత్రం అడగొద్దు. ఎంతవరకు విత్తారని అడుగు.

ఇట్లు,
చెప్పాల్సింది ఒకరోజు ఆలస్యంగా చెప్పిన నీ తమ్ముడు,
తిప్పేష్