నీ ఆకు ముందు బాషా

తమ్ముడూ,

ఈరోజు నీ సంవత్సరీకం. పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, నీ ఫోటో ముందు ఆకు వేసి పెట్టినాను. అప్పుడే మీ బ్యాండులో డ్రమ్ములు వాయించే బాషా గుత్తి నుంచి వచ్చినాడు. మీరు మొదలుపెట్టిన మెటల్ ఆల్బమ్ ఇప్పటికి పూర్తి కావచ్చిందంట. పాడేవాళ్లు లేరు, అంతా వాయిద్యాలే.

"ఇనక్కా. చెవులు నొస్తే చెప్పు, ఆపేస్తా" అన్నాడు.

మొదట కంకర మిషను పక్కన కూర్చున్నట్టే ఉండింది. భజనలో తాళం వేసే చెయ్యి కదా, ఊరుకోలేదు. కాసేపు తప్పుతూ వచ్చి, ఏడు దెబ్బల నడక పట్టుకున్నాను. ఆ తర్వాత గిటార్లు ఎంత పరుగెత్తినా నేను వాటి వెంటే ఉన్నాను. బాగుందిరా. ఇంకోసారి పెట్టమన్నాను.

చివరి ట్రాకులో మాత్రం ఒకచోట డ్రమ్ములొక్కటే మోగినాయి.

"ఆడ వాడు గిటారు వాయించాల్సిండె. నేను ఖాళీగా వదిలేద్దామంటాండా. మిగతావాళ్లు ఇంకొకర్ని పిలవమంటాండారు. నువ్వేమంటావక్కా?"

నేను లేచి హారతి ఇచ్చినాను. పెద్దలకు పెట్టిన ఆకులో తర్వాత మన ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు కూర్చుని తినాలి కదా. ఏటా నేనే తింటాను. ఈసారి బాషాను కూర్చోమన్నాను.

"వాని ఆకులో నేనా?"

"తినప్పా. అట్లే వదిలేస్తే వానికి పెట్టినట్టు కాదు."

తల దించుకుని మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి పోయి, ఎవరికో ఫోన్ చేసినాడు.

"రేపు గిటారు ఎత్తుకుని రాప్పా."