ప్రోటాన్ల మంచు

జనవరి 9, సాయంత్రం

సూర్యుడు నిన్న పేలాడు. ప్రోటాన్లు నేరుగా ధ్రువాల మీద కురుస్తున్నాయి. డైరెక్టరు పొద్దున్నే ఫోన్ చేసి త్వరగా రమ్మన్నారు. నోట్లో బ్రష్షుతోనే నవ్వాను. ఇలాంటి దాని కోసం ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చున్నాను!

ల్యాబ్‌లో నా పక్క సీటు చిన్నదానిది. చిన్నదంటే నా తోడికోడలు, మరిది భార్య. కాంట్రాక్టు మీద దాన్ని అక్కడ చేర్పించింది నేనే. ఈ రోజు దానికి అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ప్రోటాన్లు బాగా పైనున్న గాలిలో నైట్రోజన్‌ని విరగ్గొడతాయి. నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. ఎండ ఉంటే అది చాలావరకు పైనే చచ్చేది. ఉత్తర ధ్రువంలో ఇప్పుడు నెలల తరబడి చీకటి కాబట్టి చావదు, మెల్లగా కిందికి దిగుతుంది. సూర్యుడొచ్చే వేళకి ఓజోన్ దగ్గరికి చేరి దాన్ని తినడం మొదలుపెడుతుంది. అచ్చం మన అత్తగారు తెల్లారకముందే లైటు వెయ్యకుండా మేడ మెట్లు దిగి, మనం లేచేసరికి వంటింట్లో ప్రత్యక్షమైనట్టు అన్నాను. చిన్నది పడీ పడీ నవ్వింది. ఇక మా ఇద్దరికీ నైట్రిక్ ఆక్సైడ్ పేరు అత్తగారే.

జనవరి 10

ఉపగ్రహం డిటెక్టర్‌కి కూడా ప్రోటాన్లు తగులుతున్నాయి. బొమ్మంతా తెల్లచుక్కలు, మంచు పడ్డట్టు. ఈ రెండు రోజుల డేటా చెత్త, తీసెయ్యాలి. తియ్యకుండా సరదాకి గ్రాఫ్ గీస్తే ఓజోన్‌లో కిందెక్కడో పెద్ద గొయ్యి కనిపించింది. వట్టి అబద్ధపు గొయ్యి. చిన్నది చూసి నోరు వెళ్ళబెట్టింది. రేపు చెప్తాలే అన్నాను.

మర్నాడు దానికి జ్వరం. తర్వాత చెప్పాలన్న సంగతి నాకే గుర్తు లేదు. (ఇది ఫిబ్రవరిలో చేర్చాను.)

ఫిబ్రవరి 3

అత్తగారు ఇంకో మెట్టు దిగారు.

ఫిబ్రవరి 12

ఆయన నా పని గురించి అడిగారు. పెళ్ళైనప్పటి నుంచి ఇదే మొదటిసారి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని గ్రాఫులన్నీ చూపించాను. మధ్యలో ఆవలించలేదు కూడా. పాడైపోతే కష్టం కదా, ఇంట్లో కంప్యూటర్లో ఒక కాపీ ఉంచమన్నారు. ఉంచాను. పిచ్చిదానిలా మురిసిపోయాను.

ఫిబ్రవరి 26

కాన్ఫరెన్స్ ప్రోగ్రామ్ వచ్చింది. చిన్నది మాట్లాడుతోందట. ధ్రువ చీకటిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎలా దిగుతుంది, ఎండ వచ్చాక ఓజోన్ ఎంత పోతుంది. కింద ఒకటే పేరు, దానిది. పక్కన వేసిన గ్రాఫ్ మాత్రం నాది. అబద్ధపు గొయ్యితో సహా నాది.

ఆ సీటు పొద్దుటి నుంచి ఖాళీ.

అదే రోజు, సాయంత్రం

ఆయన బట్టలు మడతపెడుతున్నారు. అడిగాను. తలెత్తకుండానే చెప్పారు.

"మేం నీకు చెబుదామనే అనుకున్నాం."

చిన్నదాని కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుందట. ఈ టాక్ ఉంటే పొడిగిస్తారట. నీది పర్మనెంటే కదా, ఇంట్లోదే కదా, బయటివాళ్ళెవరైనా తీసుకున్నారా అని అడిగారు. ఒక్కటీ చెవికెక్కలేదు. మేం అన్నారు. మనం అని పొరపాటున కూడా రాలేదు. అంటే ఆయన, మరిది, అది, బహుశా అత్తగారు కూడా, అందరూ కూర్చుని అనుకున్నారు. అప్పుడు నేను పక్క గదిలోనే ఉండి ఉంటాను. ఆ కాపీ అడిగింది కూడా అందుకే. నా పని మీద ఆయనకి ఇష్టం పుట్టిందనుకున్నాను.

ఒళ్ళు మండిపోతోంది. ఏడుపు రావడం లేదు, అదింకా చిరాగ్గా ఉంది.

ఫిబ్రవరి 27

గొయ్యి సంగతి ఎవరికీ చెప్పను. హాల్లో అందరి ముందూ పడనీ.

మార్చి 11

డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే చిన్నది వచ్చింది. రెండు వారాలుగా నాకు ఎదురు పడని మనిషి. దుప్పటి రెండో కొస పట్టుకుని, ఎప్పటిలాగే నాతో కలిసి మడతపెట్టింది. రేపే టాక్.

"అక్కా, ఆ కింద గొయ్యి నిజమేనా?"

ఎత్తుకుపోయిన నగ బంగారమో కాదో ఆ నగ గలావిడనే అడిగినట్టుంది. నిజమే అని నోటి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో దాని పని అయిపోయేది. కానీ గొయ్యి అబద్ధమని ఎవరైనా పట్టుకుంటే మిగతాదంతా అబద్ధమే అంటారు. అత్తగారు దిగిన ప్రతి మెట్టూ నేను చూశాను. అవి నిజం.

"ఆ రెండు రోజులూ తీసెయ్" అన్నాను.

అది ఏడ్చింది. దాని మీద జాలితో చెప్పలేదు నేను. బట్టల బుట్ట ఎత్తుకుని కిందికి వచ్చేశాను.

మార్చి 12

బాగానే మాట్లాడింది, నేను నేర్పిన వరసలోనే. చివర్లో ఒక ముసలి ప్రొఫెసర్ లేచి, తుఫాను రోజుల డేటా తీసెయ్యడం మంచి పని, చాలామంది అక్కడే బోల్తా పడతారు, ఇది ఎవరికి తట్టిందని అడిగాడు. చిన్నది నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఒక్క క్షణం నా పేరు చెబుతుందని ఆశపడ్డాను. సిగ్గులేకుండా ఆశపడ్డాను.

"మేము మొదట్లోనే గమనించాం" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. వినేవాళ్ళలో నేనూ ఉన్నాను.

మార్చి 15

కాంట్రాక్టు పొడిగించారు. ఆయన మిఠాయి తెచ్చారు.

మార్చి 24

ధ్రువం మీద ఎండ పడింది. ఓజోన్ తగ్గడం మొదలైంది, నేను చెప్పిన ఎత్తులోనే. పక్క సీటు వైపు తిరగలేదు.

మేము గమనించాం. ఈ మేములో ఉన్నది నేనొక్కదాన్నే.