ఒత్తులు లేని కీర్తన

విరుదునగరం,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకూ వదినకూ చెల్లెలు సుశీల నమస్కరించి రాసేది. మేమిద్దరం ఇక్కడ కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదిన కళ్ళద్దాలు మార్పించారా? ఈ సంగతి ఫోన్లో చెబితే మధ్యలోనే అడ్డుపడి నన్ను దిద్దుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఆసాంతం చదువు.

ఆయనకు పప్పు మిల్లులో పని కుదురుకుంది. మర ఆగితే ముందు ఈయన్నే పిలుస్తున్నారు. ఎండ మన కందుకూరు ఎండే గాని గాలి మరీ పొడి. తిండికి లోటు లేదు, అయినా ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి గోంగూర పచ్చడి పంపు. వచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు గడిచేవి కావు. ఇంటివాళ్ళావిడకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు, అంతా సైగలే. ఇప్పుడలా లేదు, బెంగపెట్టుకోకు.

అందుకు కారణం మా వీధిలో ఉన్న కీర్తనల సంఘం. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు వినడం వీళ్ళకు గిట్టదు, వచ్చినవాళ్ళంతా గొంతు కలపాల్సిందే. ఊరూరా తిరిగి జనం చేత పాడిస్తారు. కోవిల్‌పట్టిలో శనివారం భజనకు వచ్చే ఆడవాళ్ళు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల రైతు కుటుంబాలవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ చదవడం రాదు. తెలుగు కీర్తనలు తరతరాలుగా నోటితోనే నేర్చుకున్నారు. నాకు తెలుగు చదువు వచ్చని విని సంఘం కార్యదర్శి నన్ను అక్కడికి వెళ్ళి నేర్పమన్నారు.

మొదటి శనివారం వాళ్ళ పాట వింటే సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ప్రాణం ఉసూరుమంది. భక్తిని ‘బక్తి’ అంటారు, ధర్మాన్ని ‘దర్మం’ అంటారు. తెలుగు మాస్టారి చెల్లెల్ని కదా, ఊరుకోలేకపోయాను. ప్రతి చరణం దగ్గరా ఆపి, ఒత్తు పలికించి, మళ్ళీ పాడించాను. పనికొచ్చే పని చేస్తున్నాననే అనుకున్నాను. మూడో వారానికి గొంతులు సన్నగిల్లాయి. నాలుగో వారం రంగమ్మాళ్ రాలేదు. డెబ్బై దాటిన మనిషి, అక్కడ పాట ఎత్తుకునేది ఆవిడే. ఎందుకు రాలేదని అడిగితే అందరూ తలలు వంచుకున్నారు.

మర్నాడు ఎట్టయాపురం బస్సెక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. వాకిట్లో కూర్చుని మినుములు చెరుగుతోంది. నాకు మజ్జిగ ఇచ్చి, కోపమేమీ లేకుండానే చెప్పింది.

“నువ్వు చెప్పేది సరే పాపా. మా అవ్వ మాకు ఇట్లానే నేర్పిచ్చె. ఇప్పుడు నోరు తెరిస్తే తప్పు పోతాదేమోనని రొంబ బయం వస్తాది. సామి ముందర బయపడి ఎట్లా పాడేది?”

తప్పు నాదేనన్నాను. ఒక్కసారి పాడమని అడిగాను. చాలాసేపు వద్దంది. ఆఖరికి చెరుగుతూ చెరుగుతూనే మెల్లగా ఎత్తుకుంది. ఆవిడ ఎలా పలికితే అలా నేనూ వెనక అందుకున్నాను. అవును అన్నయ్యా, ‘బక్తి’ అనే పాడాను. ఆవిడ చాట ఆపి నా మొహంలోకి చూసింది. రెండో చరణం గట్టిగా ఎత్తుకుంది.

నువ్వు బెత్తం పట్టుకుని నేర్పింది నేనేమీ మరిచిపోలేదు. ఒత్తులు నేర్పమని భజనకొచ్చే ఇద్దరు పడుచు కోడళ్ళు అడిగారు, వాళ్ళకు భజన అయ్యాక విడిగా చెబుతానన్నాను. ఇక పాట మధ్యలో మాత్రం ఎవరినీ ఆపను. ఇందుకు నీకు కోపం వస్తే రెండు రోజులాగి జవాబు రాయి.

నిన్న రంగమ్మాళ్ భజనకు వచ్చింది. నేను ఎప్పటిలాగే వాళ్ళకు ఎదురుగా చాప వేసుకోబోతుంటే ఆపింది.

“ఆడ ఒకదానివే ఏల? ఇట్లా రా, మాలో కూర్చో.”

వెళ్ళి ఆవిడకూ పక్కావిడకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అందరూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. అంత గట్టిగా పాడుతున్నా నా గొంతు ఏదో నాకే తెలియలేదు. ఇంటికొచ్చి ఆయనతో ఆ మాటే చెప్పాను.

పెద్దమ్మకూ మామయ్యకూ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ ఇద్దరి దీవెన మా మీద ఉండాలి.

నీ చెల్లెలు,
సుశీల