తొమ్మిదో స్థలం దగ్గరే ఆగుతున్న శుక్రవారాలు

మార్చి 16, సోమవారం

బస్సు డిపో మేనేజరు గారి సముఖమునకు,
నాగులరేవు గ్రామ కథోలిక సంఘము తరఫున ఉపదేశి ఇస్రాయేలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాగులరేవు నుండి సాయంత్రం బయలుదేరు చివరి బస్సును శుక్రవారము నాడు ఇరవై అయిదు నిమిషములు ఆలస్యముగా పంపుట గురించి, మరియు యేసు ప్రభువును నేలమీది నుండి లేపుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించునది ఏమనగా, మా ఫాదరుగారి కింద ఇరవై రెండు ఊళ్లు ఉన్నందున వారు నెలకొక్కసారి వస్తారు. మిగతా దినములకు ప్రార్థన చెప్పేది నేనే. చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మన్నించగలరు.

1. తపస్సుకాలము నలభై దినములలో ప్రతి శుక్రవారము మేము సిలువ మార్గము చేయుదుము. ప్రభువుకు తీర్పు చెప్పిన చోటు మొదలు సమాధి వరకు పదునాలుగు స్థలములు. మా గుడికి పటములు కొనే స్తోమత లేదు, గోడమీద బొగ్గుతో గీసిన పదునాలుగు సిలువ గుర్తులున్నవి. ఒక్కొక్క గుర్తు దగ్గర మోకరించి ఒక ప్రార్థన, ఒక పాట. స్థలానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

2. మా సంఘములో ఊరివాళ్లవి పదిహేను ఇండ్లు. మిరప కోతలకు రాయచూరు వైపు నుండి వచ్చిన కన్నడ కూలీలు ఇరవై ఆరుమంది ఈ నెలల్లో మాతో కలుస్తారు. వాళ్ల గుడిసెలు పెద్దరోడ్డు కూడలి దగ్గర. నా ఇల్లూ అటే. అందరికీ దిక్కు తమ బస్సే. ఐదు కానిదే మేస్త్రీ చేను విడవనివ్వడు. మండే చేతులు కడుక్కుని మోకరించేసరికి ఐదూ పది.

3. బస్సు ఇదివరకు ఆరూ పదికి కదిలేది. సమాధి చేసి, మూటలు సర్దుకుని ఎక్కేవాళ్లం. ఫిబ్రవరి నుండి "పరిపాలనా కారణముల రీత్యా" ఐదు ముప్పావుకే కదులుతున్నది. తొమ్మిదో స్థలములో ప్రభువు మూడోసారి పడిపోతాడు. సరిగ్గా అక్కడికి రాగానే హారను. గుడిలో సగానికి పైగా లేచి పరుగెత్తుతారు, నాతో సహా. నడిపేవాడు లేక మిగతావాళ్లూ ఇండ్లకు పోతారు. నాలుగు శుక్రవారాలుగా ఆయన మా ఊరిలో బోర్లా పడి ఉన్నాడు. జములమ్మ అనే ముసలామె గుమ్మం దాకా వచ్చి, "ఏంది ఇస్రాయేలూ, దేవున్ని గట్లనే నేలమీద పండవెట్టి పోతున్నవ్" అన్నది. వారమంతా నాకు మనసు నిలవడం లేదు. చేలో ఉన్నా, ముద్ద నోట పెట్టినా అదే గుర్తొస్తుంది.

4. మిగిలిన అయిదూ గబగబా చదివేయరాదా అని తమరు అడుగుదురు. రెండో వారం చదివాను. ఆ హడావిడిలో సిలువకు కొట్టకముందే సమాధి చేసినాను, అది లెక్కకు రాలేదు. పాటల పుస్తకం పట్టుకునే సరిత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడో వారం పదో స్థలం నుండి, అంటే ప్రభువు బట్టలు లాగేసే చోటు నుండి, మొదలుపెడదామంటే, "తీర్పే కాకముందు గుడ్డలెట్ల గుంజుతరు" అని ఆడవాళ్లు ఒప్పుకోలేదు. అందులో న్యాయం ఉన్నది.

5. ఇది అసలు సంగతి. దీనికి నంబరు వేయడానికి చేయి రావడం లేదు. పదమూడో స్థలంలో ప్రభువును సిలువ దింపి తల్లి ఒడిలో పెడతారు. ఆ పాట మా పుస్తకంలో లేదు, జములమ్మ దగ్గరే ఉన్నది. 2009 వరదలో ఆమె కొడుకు బర్రెల తలుగు విప్పబోయి తుంగభద్రలో పోయాడు. శవం దొరకలేదు. అప్పటినుండి ఏటా పదమూడో స్థలంలో మా గుడి సిలువను ఆమె ఒడిలో పెడతాం, ఆమె పాడుతుంది. మేం పోయిన తర్వాత ఒక్కతివే పాడుకోరాదా అని ఒకసారి అన్నాను. "నలుగురు లేకుంట ఎవరన్న ఏడుస్తరా నాయనా" అన్నది. ఈ సంక్రాంతికి ముందు ఆమెను కర్నూలు పెద్ద దవాఖానలో చూపించాం. వచ్చే ఏడాది మాట మాలో ఎవరూ ఎత్తడం లేదు. కోతలు ఈ వారంతో ఆఖరు. ఆదివారం కూలీలు వెళ్లిపోతారు. ఆమె చుట్టూ కూర్చునే మనుషుల్లో సగానికి పైగా ఈ శుక్రవారం దాటితే ఉండరు.

6. డ్రైవరు సాబిర్ రంజాన్ నెల రోజా ఉపవాసాలు ఉంటున్నాడు కనుక అతని కోసమే టైము మార్చారని ఊరిలో కొందరు అంటున్నారు. అది తప్పు. నేను స్వయంగా అడిగాను. "నాకోసం ఎవరు మార్చలే పెద్దాయనా. ఖర్జూరాలు జేబులనే ఉంటయి, యాడ పొద్దుగూకితే ఆడ రోజా ఇడుస్త. ఆఫీసుల జర రాసిచ్చి చూడు" అన్నాడు. ఈ ఏడు మా ఉపవాసాలు, వాళ్ల ఉపవాసాలు ఒకరోజు అటూ ఇటూగా మొదలైనవి. ఆకలి సంగతి మాకు అతను చెప్పనక్కరలేదు.

కావున తమరు దయతలచి, ఈ ఒక్క శుక్రవారము ఇరవై అయిదు నిమిషములు మంజూరు చేయ ప్రార్థన. ఇందుతో నలభై ఒక్క మంది వేలిముద్రలు జతపరచడమైనది. అవి మిరపచేనులో వేయించినవి గనుక ఈ కాగితం తాకిన చేతితో కండ్లు తుడుచుకోవద్దని మనవి. ఇది శుక్రవారం సాయంత్రం ఐదు ముప్పావులోగా చిత్తగించవలెను.

తమ విధేయుడు, మనసు నిలవనివాడు,
ఇస్రాయేలు, ఉపదేశి

తా.క. మార్చి 21, శనివారం. వేలిముద్రలు వేయించడంలోనే గురువారం దాటిపోయి ఈ అర్జీ నా జేబులో ఉండిపోయింది. గడువు దాటినా నలభై ఒక్క మంది వేలిముద్రలను జేబులో దాచుకోలేక పంపుతున్నాను. నిన్న ఐదు ముప్పావుకు మా ఊరిలో తమ బస్సు చెడిపోయినది. తమకు ఆ రిపోర్టు వచ్చి ఉంటుంది. ప్రత్యక్ష సాక్షిగా నేను వ్రాసి ఇచ్చునది ఏమనగా, హారను మోగలేదు. పదో స్థలానికి వచ్చి వెనక్కి చూస్తే బస్సులోని ప్రయాణికులు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. బాలయ్య అనే రైతు ప్రతి పాటకూ "ఇంకెన్నున్నయి" అని అడిగాడు. పదమూడోది మొదలైన తర్వాత అడగలేదు.

జములమ్మ పాడింది. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. కన్నడ ఆడవాళ్లు తమ భాషలో కొడుకును పిలిచినట్టు "మగనే, మగనే" అని అందుకున్నారు. జములమ్మ తన ఒడిలోని సిలువను తడి కొంగుతో తల నుండి కాళ్ల దాకా తుడిచి, "ఇగ తీస్కపోండ్రి" అని మా చేతికిచ్చింది. సమాధి అయ్యేసరికి పొద్దుగూకింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకాయన ఆమె చెంబులోని నీళ్లతో రోజా విడిచాడు. ఆపై ఇంజిను ఒక్క తిప్పుకే స్టార్టు అయినది.

పైన ఆరో అంశంలో ఒక డ్రైవరు పేరున్నది. అర్జీ తిరగరాసి వేలిముద్రలు మళ్లీ వేయించడానికి వీలులేదు, మనుషులు రేపు పోతున్నారు. కనుక ఆ పేరు చదవనట్టే భావించగలరు. మెమో ఇవ్వక తప్పదంటే నా పేరున ఇవ్వండి.

ఇంజిను ఆగిన మాట వాస్తవం. ఎందుకు ఆగిందని మాత్రం నన్ను అడగవద్దు. తపస్సుకాలంలో నేను అబద్ధం ఆడలేను.